వీఆర్ అడ్వెంచర్ గేమ్‌లో చీకటి చీకటిలాగే ఉండాలంటే: హెడ్‌సెట్ డిస్‌ప్లేని బట్టి ఏం చేయాలి

హాఫ్-లైఫ్: అలిక్స్ అనే పీసీ వీఆర్ గేమ్ మూడో అధ్యాయంలో భూమి కింద చీకటి దారుల్లోకి దిగాలి. చేతికి టార్చి దొరికేది అక్కడే. ఆ దారిలో నేను రెండుసార్లు నడిచాను. మొదటిసారి స్నేహితుడి ఇంట్లో, ఓఎల్‌ఈడీ తెర ఉన్న పాత హెడ్‌సెట్ పెట్టుకుని. టార్చి వెలుగు పడినంత మేరే లోకం, మిగతాదంతా అమావాస్య. వెనకాల ఏదో గీరిన చప్పుడైతే మెడ తిప్పి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. రెండోసారి నేను కొనుక్కున్న ఎల్‌సీడీ తెర హెడ్‌సెట్‌లో. పిక్సెళ్ల లెక్క చూస్తే ఇదే చాలా మెరుగు. గోడల మీది రాతలు కూడా స్పష్టంగా కనిపించాయి. భయం మాత్రం వేయలేదు. మూలల్లో చీకటి ఉండాల్సిన చోట పల్చటి బూడిద రంగు. అందులో నక్కిన పురుగు నేను దగ్గరికి వెళ్లకముందే కనిపించేసింది.

హెడ్‌సెట్ కొనేవాళ్లు మొదట అడిగేది రిజల్యూషన్ ఎంత అని. అడ్వెంచర్ గేమ్‌ల కోసమైతే నలుపు ఎంత నల్లగా ఉంటుందని ముందు అడగాలంటాను నేను. అలాగని ఉన్న హెడ్‌సెట్ అమ్మేసి కొత్తది కొనక్కర్లేదు. దాని తెర స్వభావం తెలిస్తే దానికి తగ్గట్టు గేమ్‌నీ గదినీ సర్దుకోవచ్చు. ఉదాహరణకి ఎక్కువగా అలిక్స్‌నే తీసుకుంటాను. 2020 మార్చిలో వచ్చిన గేమే అయినా, బాల్కనీ నుంచి సిటీ 17 అనే నగరమంతా కనిపించే పగటి వెలుతురూ, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటీ రెండూ అందులో ఉన్నాయి.

1. మీ తెర ఏ జాతిదో తేల్చుకోండి

ఎల్‌సీడీలో తెర మొత్తానికీ వెనక ఉమ్మడిగా ఒక దీపం ఉంటుంది. ముందున్న పొర ఆ వెలుతురుని అవసరమైన చోట అడ్డుకుంటుంది. తలుపు ఎంత బిగించినా సందులోంచి వెలుతురు వచ్చినట్టే, ఎంత అడ్డుకున్నా కాస్త కారుతూనే ఉంటుంది. అందుకే ఎల్‌సీడీ నలుపు నిజానికి ముదురు బూడిద. టీవీలో అయితే చుట్టూ గది కనిపిస్తుంది కాబట్టి పట్టించుకోం. హెడ్‌సెట్‌లో చూడ్డానికి వేరే ఏమీ ఉండదు, కన్ను ఆ బూడిద రంగుని ఇట్టే పట్టేస్తుంది.

ఓఎల్‌ఈడీలో వెనక దీపం లేదు. ప్రతి పిక్సెల్ తన వెలుగు తనే ఇస్తుంది, నలుపు కావాల్సినప్పుడు ఆరిపోతుంది.

2016లో వచ్చిన మొదటి ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్, మొదటి ప్లేస్టేషన్ వీఆర్, 2019లో వచ్చిన మొదటి క్వెస్ట్ ఓఎల్‌ఈడీలు. అదే 2019లో వచ్చిన రిఫ్ట్ ఎస్, వాల్వ్ ఇండెక్స్, ఆ తర్వాత క్వెస్ట్ 2, హెచ్‌పీ రివర్బ్ జీ2, పీకో 4, క్వెస్ట్ 3, క్వెస్ట్ 3ఎస్ అన్నీ ఎల్‌సీడీలు. 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2 ఓఎల్‌ఈడీ. బిగ్‌స్క్రీన్ బియాండ్, యాపిల్ విజన్ ప్రో మైక్రో-ఓఎల్‌ఈడీలు, అంటే అదే రకం చిన్న తెరలు. క్వెస్ట్ ప్రో మధ్యరకం. అది ఎల్‌సీడీయే గానీ, వెనక దీపాన్ని 500కు పైగా ముక్కలు చేసి, చీకటిగా ఉండాల్సిన చోట ముక్కవారీగా వెలుగు తగ్గిస్తుంది.

మొదట అందరూ ఓఎల్‌ఈడీ వాడి, తర్వాత చాలామంది ఎల్‌సీడీకి ఎందుకు మారారని అడగొచ్చు. ఆ పాత ఓఎల్‌ఈడీ ప్యానెళ్లలో చాలావాటిలో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు ఉండాల్సింది పోయి రెండే ఉండేవి. రిఫ్ట్‌లో ఒక్కో కంటికి 1080×1200 అన్నా, చూస్తే దోమతెర లోంచి చూసినట్టుండేది. ఎల్‌సీడీలో మూడు చుక్కలూ ఉంటాయి, ధర కూడా తక్కువ. క్వెస్ట్ 2లో ఒక్కో కంటికి 1832×1920, క్వెస్ట్ 3లో 2064×2208. దోమతెర దాదాపు మాయమైంది. దాంతోపాటు నలుపూ పోయింది.

మీది ఏదో గుర్తు లేకపోతే చిన్న పరీక్ష. గేమ్ లోడ్ అవుతూ తెర నల్లబడినప్పుడు చూడండి. హెడ్‌సెట్ ఆన్‌లో ఉందో లేదో తెలియకపోతే అది ఓఎల్‌ఈడీ. నల్ల తెర కూడా మసగ్గా వెలుగుతూ, అంచులు కనిపిస్తుంటే ఎల్‌సీడీ.

2. గేమ్‌లో వెలుతురు ఎంతో చూసుకోండి

అన్ని అడ్వెంచర్ గేమ్‌లకీ చీకటి అక్కర్లేదు. మిస్ట్ తీసుకోండి. అందులో దీవి మీద తిరగడం, పుస్తకాల్లో రాతలు చదవడం, మీటలు నొక్కడం. దీనికి కావాల్సింది స్పష్టత, అక్షరం అంచు చెదరకపోవడం. మంచి ఎల్‌సీడీలో హాయిగా ఆడుకోవచ్చు. చిట్టెలుకని నడిపించే మాస్ కూడా అంతే. ప్లేస్టేషన్ వీఆర్2లో వచ్చిన హొరైజన్: కాల్ ఆఫ్ ద మౌంటెన్‌లో కొండల మీద ఎండ ఎక్కువే అయినా, అక్కడ ఓఎల్‌ఈడీ, హెచ్‌డీఆర్ కలిసి వెలుగుకీ నీడకీ మధ్య చూపించే తేడా వల్ల రాయి రాయిలా, మంచు మంచులా ఉంటుంది.

ద రూమ్ వీఆర్: ఎ డార్క్ మ్యాటర్ లాంటివి ఇరకాటం. గదులు మసగ్గా ఉంటాయి, పజిల్ మాత్రం పెట్టె మీద సన్నటి గీతల్లో దాగి ఉంటుంది. నలుపూ కావాలి, స్పష్టతా కావాలి. ఇలాంటి గేమ్ ఎల్‌సీడీలో ఆడితే పజిళ్లు సులువవుతాయి, వాతావరణం పలచబడుతుంది. పాత ఓఎల్‌ఈడీలో తలకిందులు. నన్నడిగితే వాతావరణానికే ఓటు. పజిల్ దగ్గరికి ఇంకో అడుగు వేసి చూడొచ్చు, పోయిన భయాన్ని తెచ్చుకోలేం.

మీ దగ్గర ఎల్‌సీడీ ఉంటే చీకటి గేమ్‌లు మానేయమని కాదు. అవి ఆడేముందు కింద చెప్పినవి చేయండి.

3. లెన్స్ తుడిచి, సరిగ్గా కూర్చోబెట్టుకోండి

ఇది చేయకుండా డిస్‌ప్లేని తిట్టడం అన్యాయం. లెన్స్ మీద వేలిముద్ర జిడ్డు ఉంటే వెలుతురు చెదిరి చీకటి మీద పరుచుకుంటుంది. ఎంత మంచి ఓఎల్‌ఈడీ అయినా పొగమంచు పట్టినట్టు కనిపిస్తుంది. మా ఇంట్లో జంతికలు తిన్న చేతులతో పిల్లలు ముట్టుకున్న రోజున ఈ సంగతి బాగా బోధపడింది. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచులకి మెల్లగా తుడవండి. స్పిరిట్, శానిటైజర్ వద్దు.

తర్వాత కళ్ల మధ్య దూరం. ఒక కంటి పాప నడిమి నుంచి ఇంకో కంటి పాప నడిమికి ఉండే దూరం ఇది, ఐపీడీ అంటారు. పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు. అద్దం ముందు నిలబడి ముక్కు మీద స్కేలు పెట్టుకుంటే సుమారుగా తెలుస్తుంది. కళ్లద్దాలు వాడేవాళ్లయితే మీ చీటీ మీద పీడీ అని రాసి ఉండొచ్చు. క్వెస్ట్ 2, 3ఎస్‌లలో 58, 63, 68 అని మూడే మెట్లు. క్వెస్ట్ 3, ఇండెక్స్, ప్లేస్టేషన్ వీఆర్2లలో కావాల్సినంత తిప్పుకోవచ్చు. రిఫ్ట్ ఎస్‌లో లెన్సులు అసలు కదలవు. ఐపీడీ కుదరకపోతే బొమ్మ మసకబారుతుంది, అరగంటలో తలనొప్పి. అలిక్స్ లాంటి గేమ్‌ని గంటలు గంటలు ఆడతాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

లెన్స్ రకం కూడా చీకటిని చెడగొట్టగలదు. పాత హెడ్‌సెట్లలోనూ, క్వెస్ట్ 2, 3ఎస్, ప్లేస్టేషన్ వీఆర్2లలోనూ ఉన్నవి ఫ్రెనెల్ లెన్సులు. వాటి మీద గుండ్రంగా గాడులుంటాయి. చీకట్లో ఒక దీపం కనిపిస్తే దాని నుంచి చారలు సాగుతాయి. గీతలు పడ్డ హెల్మెట్ అద్దంలోంచి రాత్రిపూట ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ చూసినట్టన్నమాట. హెడ్‌సెట్‌ని పైకీ కిందికీ కదిపి, కన్ను సరిగ్గా లెన్స్ నడిమికి వచ్చే చోటు పట్టుకుంటే చారలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. క్వెస్ట్ 3, పీకో 4లలో ఉన్న పాన్‌కేక్ లెన్సుల్లో ఈ గొడవ చాలా తక్కువ, అంచుల దాకా స్పష్టంగా ఉంటుంది. కాకపోతే అవి వెలుతురుని బాగా మింగేస్తాయి. వాటి వెనక గట్టిగా వెలిగే తెర కావాలి.

4. ఎల్‌సీడీ అయితే: కంటిని చీకటికి అలవాటు చేయండి

సినిమా హాల్లోకి ఆలస్యంగా వెళ్తే మొదట సీటు కనపడదు, కాసేపటికి పక్కవాళ్ల మొహాలు కూడా కనిపిస్తాయి. ఆట మొదలయ్యేసరికి కన్ను ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి అదే బూడిద రంగు ఒకసారి నల్లగా, ఒకసారి తెల్లగా అనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది తప్పు పని చేస్తారు. చీకట్లో ఏమీ కనపడట్లేదని బ్రైట్‌నెస్ పెంచుతారు. ఎల్‌సీడీలో బ్రైట్‌నెస్ పెంచితే కారే వెలుతురూ పెరుగుతుంది, బూడిద ఇంకా తెల్లబడుతుంది. తగ్గించండి. హెడ్‌సెట్ బ్రైట్‌నెస్‌ని సగం దగ్గరికి తెచ్చి పది నిమిషాలు ఆడి చూడండి. మొదట మసగ్గా అనిపించినా కన్ను సర్దుకుంటుంది, నలుపు లోతుగా అనిపిస్తుంది. గేమ్‌లో గామా స్లైడర్ (మసక ఛాయల వెలుతురు పెంచే, తగ్గించే మీట) ఉంటే డిఫాల్ట్‌లోనే వదిలేయండి, పైకి జరపకండి. అలిక్స్‌లో చీకటి దారిలోకి వెళ్లగానే టార్చి దానంతటదే వెలుగుతుంది. దాని వెలుగుని నమ్ముకునే ఆ అధ్యాయాన్ని తయారు చేశారు.

హెడ్‌సెట్ హోమ్ స్క్రీన్ తెల్లగా మిరుమిట్లు గొలిపేలా ఉంటే రాత్రి దృశ్యం ఉన్నదానికి మార్చుకోండి. గేమ్ ఎంచుకునే రెండు నిమిషాల్లో కన్ను చెడకుండా ఉంటుంది.

ముక్కు దగ్గర సందులోంచి గది వెలుతురు లోపలికి వస్తుంటే అది లెన్స్ మీద పడి మళ్లీ బూడిద పోస్తుంది. వెలుతురు అడ్డుకునే ఫేస్ కవర్ వాడండి. గదిలో లైట్లన్నీ ఆర్పేస్తే పోలా అనిపిస్తుంది గానీ, క్వెస్ట్ లాంటివి తమ మీదున్న కెమెరాలతో గదిని చూసి దారి తెలుసుకుంటాయి. చిమ్మచీకట్లో వాటికీ దారి తెలియదు. మీ వెనక వైపు ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచండి. సీసీటీవీ కెమెరాలకి వాడే ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆ వెలుగు మనకి కనపడదు, కెమెరాలకి కనిపిస్తుంది. ఇండెక్స్, వైవ్‌లకి గోడ మీద పెట్టే బేస్ స్టేషన్లు దారి చూపిస్తాయి కాబట్టి గదంతా చీకటి చేసినా ఏ ఇబ్బందీ లేదు.

చివరగా చెవులు. తెర భయపెట్టలేనప్పుడు శబ్దం ఆ పని చేస్తుంది. అలిక్స్ ఏడో అధ్యాయంలో జెఫ్ అనే ఒకడుంటాడు. వాడికి కళ్లు కనపడవు, చప్పుడు వింటే వచ్చేస్తాడు. దగ్గు రాకుండా మీరు నిజంగానే చేయి నోటికి అడ్డం పెట్టుకోవాలి. నా బూడిద రంగు తెరలో కూడా ఆ అధ్యాయం చెమటలు పట్టించింది, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం వల్లే.

5. ఓఎల్‌ఈడీ అయితే: దాని రెండు జబ్బులు తెలుసుకోండి

ఒకటి, నలుపు చెరగడం. పూర్తిగా ఆరిపోయిన పిక్సెల్ మళ్లీ వెలగడానికి ఒక క్షణం తటపటాయిస్తుంది. చీకటి గదిలో తల గబుక్కున తిప్పితే ముదురు రంగు వస్తువు అంచు కాటుక చెరిగినట్టు సాగుతుంది. గేమ్‌లో గామా స్లైడర్ ఉంటే ఒక్క మెట్టు పైకి జరపండి. పిక్సెళ్లు పూర్తిగా ఆరకుండా ఉంటాయి, చెరగడం తగ్గుతుంది. ఎల్‌సీడీకి వద్దన్న పనే ఇక్కడ మందు. ఒక్క మెట్టు చాలు, ఎక్కువ జరిపితే ఓఎల్‌ఈడీ కొన్న ప్రయోజనమే పోతుంది.

రెండోది, మసక సీన్లలో తెరంతా సన్నటి ఇసక చల్లినట్టు కనిపించడం. పిక్సెళ్లన్నీ ఒకేలా వెలగకపోవడం వల్ల వస్తుంది. మురా అంటారు దీన్ని. చిమ్మచీకట్లో, పట్టపగట్లో కనపడదు, మధ్యలో ఉండే సాయంత్రపు వెలుతుర్లోనే విసిగిస్తుంది. దీనికి సెట్టింగ్ లేదు. దాన్నే చూస్తూ కూర్చుంటే ఆట సాగదు. పది నిమిషాల తర్వాత చాలామందికి కనపడటం మానేస్తుంది.

తల తిప్పినప్పుడు బొమ్మంతా మసకబారితే మాత్రం బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి. కొన్ని హెడ్‌సెట్లు ఎక్కువ వెలుగు కోసం ప్రతి ఫ్రేమ్‌లో (తెర మీద మారే ఒక్కో బొమ్మలో) పిక్సెల్‌ని ఎక్కువసేపు వెలిగిస్తాయి. ఆ ఎక్కువసేపే మసకకి కారణం.

6. రిఫ్రెష్ రేటుని పీసీ మోయగలిగినంతే పెట్టండి

తెర సెకనుకి ఎన్ని ఫ్రేములు చూపుతుందన్నదే రిఫ్రెష్ రేటు. 72 హెర్ట్జ్ అంటే ఒక్కో ఫ్రేమ్ తయారు చేయడానికి పీసీకి 13.9 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 90లో 11.1, 120లో 8.3. ఇండెక్స్ 144 దాకా వెళ్తుంది. అలిక్స్‌కి కనీసం జీటీఎక్స్ 1060 లేదా ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ ర్యామ్ కావాలి. అంతే ఉన్న పీసీలో 120 పెడితే ఫ్రేములు అందక బొమ్మ కుదుపులతో నడుస్తుంది, కడుపులో తిప్పుతుంది. నడక మీద సాగే అడ్వెంచర్‌కి నిలకడగా వచ్చే 90 చాలు.

7. వైర్‌లెస్‌లో ఆడుతుంటే చీకటి సీన్లు జాగ్రత్త

క్వెస్ట్ పెట్టుకుని వైఫై మీద పీసీ గేమ్ ఆడేవాళ్లు తెరని తిట్టే సగం సందర్భాల్లో తప్పు తెరది కాదు. బొమ్మని కుదించి గాల్లో పంపినప్పుడు ముందు నష్టపోయేది చీకటే. మెల్లమెల్లగా మారే నలుపు ఛాయలు చతురస్రాల అతుకుల్లా, మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. పీసీని రౌటర్‌కి ల్యాన్ కేబుల్‌తో కలపండి, హెడ్‌సెట్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంచండి, రౌటర్ అదే గదిలో ఉండాలి. వంటింట్లో రౌటర్, పడగ్గదిలో ఆట అంటే కుదరదు. బిట్‌రేట్‌ని (సెకనుకి పంపే డేటాని) ఆట ఆగకుండా నడిచేంత వరకు పెంచండి. వర్చువల్ డెస్క్‌టాప్ అనే యాప్ వాడేవాళ్లు 10-బిట్ కోడెక్ (బొమ్మని కుదించే పద్ధతి) ఎంచుకుంటే ఆ మెట్లు బాగా తగ్గుతాయి.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో నేరుగా కలిసే ఇండెక్స్ లాంటివాటికి ఈ తలనొప్పి లేదు. 2024 ఆగస్టులో ప్లేస్టేషన్ వీఆర్2కి పీసీ అడాప్టర్ వచ్చాక ఓఎల్‌ఈడీలో అలిక్స్ ఆడటానికి అదొక మంచి దారి అయింది. అయితే పీసీలో దాని హెచ్‌డీఆర్, కంటి ట్రాకింగ్ అధికారికంగా పనిచేయవు. ఆ రెండింటి కోసం కొనేటట్టయితే పీఎస్5 ఉండాలి.

8. ఎండ, ఆవిరి

హెడ్‌సెట్‌ని కిటికీ పక్కనో, డాబా మీదో లెన్సులు పైకి ఉండేలా పెట్టకండి. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన ఆటే ఇది. లెన్స్ ఎండని ఒక చుక్కలోకి చేర్చి తెరని కాలుస్తుంది, కొన్ని క్షణాలు చాలు. ఆ మచ్చ పోదు. ఎల్‌సీడీ అయినా ఓఎల్‌ఈడీ అయినా ఒకటే. ఆడటం అయిపోగానే లెన్సుల మీద గుడ్డ కప్పేయండి.

ఏసీ గదిలో చల్లబడిన హెడ్‌సెట్‌ని చెమట మొహానికి పెట్టుకుంటే లెన్సులకి ఆవిరి పడుతుంది. ముందు ఐదు నిమిషాలు ఆన్ చేసి వదిలేస్తే వేడెక్కుతుంది.

9. కొత్తది కొనేటప్పుడు

ముందు మీరు ఆడాలనుకుంటున్న మూడు గేమ్‌ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో రెండు చీకటివైతే, పీఎస్5 గానీ మంచి పీసీ గానీ ఉంటే ఓఎల్‌ఈడీ వైపు చూడండి. చదవడం, పజిళ్లు, తీగలు లేకుండా ఇల్లంతా తిరిగి ఆడటం ముఖ్యమైతే పాన్‌కేక్ లెన్సులున్న ఎల్‌సీడీ. మొదటిసారి కొంటూ, వీఆర్ ఒంటికి పడుతుందో లేదో తెలియనప్పుడు చవకైన ఎల్‌సీడీతో మొదలుపెట్టడంలో తప్పేం లేదు. సెకండ్‌హ్యాండ్‌లో పాత ఓఎల్‌ఈడీ దొరికితే అమ్మేవాళ్ల ఎదుటే పెట్టుకుని, తెల్లటి తెర ఒకసారి, పూర్తిగా నల్లటి తెర ఒకసారి చూడండి. తెల్ల తెర మీద ఎండకి కాలిన మచ్చలు, నల్ల తెర మీద ఆరకుండా వెలుగుతూ ఉండిపోయిన చుక్కలు బయటపడతాయి. తర్వాత కేబుల్ రెండు చివర్లూ మెల్లగా వంచి, బొమ్మ ఆగుతుందేమో చూసి, అప్పుడు బేరం మొదలుపెట్టండి.